ఆరు తొట్లు, నలభై రెండు పొట్లాలు

మార్చి 2

మొత్తానికి ఆరు తొట్లూ డాబా ఎక్కాయి. నల్ల ప్లాస్టిక్‌వి, అడుగున చిల్లులు లేనివి, అన్నీ ఒకే సైజు. ప్లంబర్ రెండు మోశాడు, మా ఆయన రెండు, నేను రెండు. నడుం పట్టేసింది. మట్టి ఒకే చోట తవ్వించింది, ఒకే జల్లెడ పట్టింది. ఒక్కో తొట్టిలో అడుగు మందం మట్టి, దాని మీద నాలుగు అంగుళాల నీళ్లు. తామర దుంపలు ఆరూ ఒకే మొక్కవి. అన్నిటికీ రెండేసి కణుపులు. తూచాను. అన్నిటికన్నా బరువైనదానికీ తేలికైనదానికీ తేడా ఆరు గ్రాములే.

ఇదంతా తామరలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో జరిగిన పోట్లాట పుణ్యం. ఎరువు బిళ్లలు అమ్మే ఒకాయన తన బిళ్లలు వేస్తే చాలంటాడు. ఇంకొకావిడ వానపాముల ఎరువు తప్ప మరొకటి ముట్టుకోదు. మా ఆయన ఎముకల పొడి పార్టీ, చిన్నప్పుడు వాళ్ల నాన్న గులాబీలకి వేసేవారట, అదీ ఆధారం. నేను ఏ పార్టీ కాదు. ముప్పై మూడేళ్లు ల్యాబ్‌లో రక్తాలు చూసినదాన్ని. నాకు రీడింగ్ కావాలి.

అందుకే బ్లైండ్ టెస్ట్. ఆయన పొట్లాలు కట్టి నంబర్లు వేస్తారు. ఐదు నంబర్లకి ఐదు రకాల ఎరువులు, ఒక నంబర్‌కి ఉత్త మట్టిపొడి. ఏ నంబర్‌లో ఏముందో ఆయనకి మాత్రమే తెలియాలి. నాకు తెలిస్తే నా కళ్లు నాకే అబద్ధం చెప్తాయి. ఆగస్టు ఆఖరు దాకా నోరు విప్పకూడదు, బతిమాలినా చెప్పకూడదు, కాళ్లు పట్టుకున్నా చెప్పకూడదు అన్నాను. నలభై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణే, ఈ వీధిలో సగం మంది గుట్టు నా కడుపులో ఉంది, నీ ఎరువు రహస్యం దాచలేనా అన్నారు.

మార్చి 4

పొట్లాలు కట్టడం మధ్యాహ్నం అంతా పట్టింది. ఇరవై రోజులకొకసారి, ఏడు విడతలు. ఏడార్లు నలభై రెండు.

నన్ను గదిలోకి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూశాను, చేతులు మాత్రమే. అన్నీ కల్వంలో మెత్తగా నూరారట, వేలితో నొక్కి కూడా కనిపెట్టలేకుండా. చదరపు కాగితం, మధ్యలో పొడి, ఇటు మడత, అటు మడత, చివర లోపలికి దోపడం. జిగురు లేదు, దారం లేదు. కిందకి విసిరేసినా విడిపోదు. షాపు మూసేసి ఆరేళ్లయినా ఆ వేళ్లు ఏమీ మర్చిపోలేదు. నేను ఒకటి ప్రయత్నిస్తే ఒళ్లంతా మట్టిపొడి.

వాసన పట్టేస్తావేమో, ముక్కుకి బట్టల క్లిప్ పెట్టుకో అన్నారు. పెట్టుకున్నాను. నొప్పే.

మార్చి 21

ఆరింటిలోనూ ఆకులొచ్చాయి. బొత్తాం అంతేసి, నీళ్ల మీద పడుకుని ఉన్నాయి. ఇప్పుడే ఎరువు పెడితే దుంప మాడి కుళ్లిపోతుంది. ఆకు నీళ్ల పైకి లేచి నిలబడే దాకా ఆగాలి. ఆగడం నాకు చేతకాదు, అయినా ఆగుతున్నాను.

ఏప్రిల్ 6

నిలువాకులు లేచాయి. మొదటి విడత పెట్టాను. తొట్టి గోడ వెంబడి చెయ్యి మణికట్టు దాకా దింపి, పొట్లాన్ని కాగితంతో సహా మట్టిలోకి నొక్కేయాలి. కొత్త కొన వైపు పోకూడదు. ఒకటో నంబర్ ఒకటో తొట్టికి, రెండోది రెండోదానికి. గోళ్లలో బురద పోవడం లేదు.

ఏప్రిల్ 9

రెండో తొట్టి ముందు నిలబడి ఆయన ఆహా అన్నారు. అయిపోయింది. ఇప్పుడు రెండో తొట్టిని నేను మామూలుగా చూడగలనా? గట్టిగానే కేకలేశాను. ఇక నుంచి డాబా మీద ఆయన మాట్లాడకూడదు. తొట్ల గురించే కాదు, అసలు ఏదీ మాట్లాడకూడదు. ఆయన మాట ఎటు మొదలుపెట్టినా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

ఏప్రిల్ 15

ఆయన ఈ రూలుని తమాషా చేసేశారు. పైకి రాగానే రెండు చేతులతో నోరు మూసుకుంటారు. నీళ్ల బకెట్ కావాలంటే సైగలు. ఇవాళ ఏదో అడగడానికి నా ముందు పావుగంట మూకాభినయం చేశారు, చివరికి తేలింది కళ్లజోడు ఎక్కడుందని. నెత్తి మీదే ఉంది. నవ్వి నవ్వి కొలత టేపు తొట్టిలో పడేశాను.

ఏప్రిల్ 27

నిన్న రెండో విడత. ఇవాళ నాలుగో తొట్టిలో ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. యూరియానేమో అని అనుమానం. ఆయన మొహం చూస్తే తెలిసిపోతుందని చటుక్కున తిరిగి చూశాను. మొహం మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. దొంగ.

మే 11, ఉదయం 7.20

ఒకటి: నిలువాకులు 5, పెద్దది 31 సెం.మీ. రెండు: 7, 38.

మూడోది కొలుస్తుంటే ఆయన పైకొచ్చారు. కుడి చెయ్యి విదిలించుకుంటూ పక్కన నిలబడి, ఏమేవ్ ఒక్క మాట అన్నారు. టేపు జారుతుందని నేను తల ఎత్తలేదు. ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాను. అది కాదే అన్నారు. ఏదైనా ఆగస్టు తర్వాతే అన్నాను. కాసేపు అక్కడే ఉండి, సరే అని దిగిపోయారు. పాపం, రహస్యం కడుపులో ఉబ్బిపోతున్నట్టుంది. గెలుపు నాదే.

మూడు: 4, 26. నాలుగు: 5, 29, అంచులు ఇంకా మాడే ఉన్నాయి. ఐదు: 8, 41. ఆరు: 6, 33.

మే 17, హాస్పిటల్ కారిడార్

పదమూడో తేదీ పొద్దున బాత్రూమ్‌లో పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట పోయింది.

ఈ పుస్తకం నా బ్యాగ్‌లోకి ఎలా వచ్చిందో తెలియదు. అంబులెన్స్ వచ్చినప్పుడు చేతికి అందింది తీసుకున్నానేమో. ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదు, ఇది తెచ్చుకున్నాను.

ఇవాళ డాక్టర్ అడిగాడు, ఇంతకు ముందు ఎప్పుడైనా చెయ్యి తిమ్మిరెక్కడం, వస్తువులు జారిపోవడం, మాట తడబడడం లాంటివి ఉన్నాయా అని. లేవని చెప్పాను. ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆయనకి చీమ కుట్టినా నాకు చెప్తారండీ అన్నాను. రాసుకున్నాడు.

మే 19

మా అమ్మాయి వచ్చి ఇంట్లో ఉంటోంది. తొట్లకి నీళ్లు పోశానమ్మా అని ఫోన్ చేసింది. ఏ తొట్లు అని అడిగాను.

మే 26

నిన్న ఇంటికి తెచ్చాం. ముందుగదిలో మంచం వేయించాం. అన్నీ అర్థమవుతున్నాయి, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. నోట్లోంచి మాత్రం ఒకే ఒక్క మాట వస్తోంది: సరే. ఆకలేస్తోందా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. కోపం వచ్చినా సరే. ఆ మాట రాగానే అది కాదని ఆయనకే తెలిసి, కళ్లు గట్టిగా మూసుకుంటారు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక డాబా ఎక్కాను. మూడో విడత పది రోజులు ఆలస్యమైంది. పొట్లాలు నొక్కేసి, రీడింగ్స్ రాద్దామని ఈ పుస్తకం తెరిచి, పోయినసారి కొలతల కోసం వెనక్కి తిప్పాను.

కుడి చెయ్యి విదిలించుకుంటూ.

నా చేతిరాతే. నేనే చూశాను, నేనే రాశాను, రాసి కూడా చూడలేదు. ముప్పై మూడేళ్లు మైక్రోస్కోప్‌లో కంటికి కనిపించనివి పట్టుకున్నదాన్ని, పక్కన నిలబడ్డ మొగుడి చెయ్యి చూసుకోలేకపోయాను. అది కాదే అన్నారు. పొట్లాల సంగతి కాదని నోరు తెరిచి చెప్పారు. ఏదైనా ఆగస్టు తర్వాతే అన్నాను. గెలుపు నాదే అని రాసుకున్నాను.

కాదేమో. చెయ్యి ఊరికే తడిగా ఉండి విదిలించారేమో. చీపురో బకెట్టో అడగడానికి వచ్చారేమో. పాలవాడి సంగతేమో. ఏమో. డాక్టర్‌కి మాత్రం లేదు లేదని రెండుసార్లు చెప్పాను. తొట్టి అంచు మీదే కూర్చుండిపోయాను. అమ్మాయి కింద నుంచి రెండుసార్లు పిలిచాక దిగాను.

జూన్ 3

స్పీచ్ థెరపీ అమ్మాయి వారానికి మూడు రోజులు వస్తుంది. మా అమ్మాయి కన్నా చిన్నది, టీచరమ్మలా మాట్లాడుతుంది. ఆయనకి అన్నీ తెలుసు, మాటలు లోపలే ఉన్నాయి, దారి దొరకడం లేదంతే అంది. అవును కాదు అని తల ఊపి చెప్పేవి నమ్మొచ్చట, పది ప్రశ్నలు వేసి పరీక్షించింది, పదీ కరెక్టే. నాకొక హెచ్చరిక చేసింది. మీరు మాట అందించేస్తున్నారు ఆంటీ, ఆయన వెతుక్కుంటుంటే మధ్యలో దూరకండి, మనసులో పది లెక్కపెట్టుకుని అప్పుడు మాట్లాడండి అంది.

పది లెక్కపెట్టడం ఎంత కష్టమో. నాలుగు దగ్గరే నోరు తెరిచేస్తున్నాను.

జూన్ 15

నాలుగో విడత. ఇంకా పద్దెనిమిది పొట్లాలున్నాయి.

ఆపేద్దామా అనుకున్నాను. అమ్మాయి కూడా అదే అంది, ఇప్పుడెందుకమ్మా ఈ పరీక్షలు, నాన్న పక్కన కూర్చోరాదూ అని. నిజమే. కానీ డబ్బా మూత తీయగానే ఆ మడతలు కనిపిస్తాయి. ఇవి కట్టిన వేళ్లు ఇవాళ స్పంజి బంతి కూడా నొక్కలేకపోతున్నాయి. పొట్లం మట్టిలోకి నొక్కుతుంటే, బాగున్న చెయ్యి చేసిన పని ఒక్కొక్కటీ నా చేత్తో పూడ్చేస్తున్నట్టు ఉంది. పూడ్చకుండా ఉండనూ లేను. ఎరువు అందకపోతే ఆకులు పసుపెక్కుతాయి.

జూలై 2

ఐదో తొట్టిలో మొదటి పువ్వు. తెలుపులో అంచులకి గులాబీ. ఫోన్‌లో ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూశారు. సరే అన్నారు. ఇదొక్కటి సరైన చోటే పడింది.

జూలై 9

మరిది వచ్చి వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ అన్నయ్యంటే ప్రాణం అతనికి. ఒకరు కుర్చీలో, ఒకరు మంచం మీద కూర్చుని ఇద్దరూ టీవీ చూశారు. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ మెట్ల దగ్గర చెప్పాడు. నాకు తెలుసనే అనుకున్నాడు. పడిపోవడానికి రెండు రోజుల ముందు అన్నయ్య ఫోన్ చేశాడు వదినా, పొద్దున్నే లేచేసరికి కుడి చెయ్యి మొద్దుబారి ఉందట, అరగంటకి సర్దుకుందట, గ్లాసు జారిపోయిందట అన్నాడు. వదినతో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు అని నేనన్నాను, దానికి అన్నయ్య, చెప్పబోతే నోరు మూయించిందిరా, మీ వదిన పరీక్షల్లో ఉంది, ఇప్పుడు కదిలిస్తే కొడుతుంది అని నవ్వాడు అన్నాడు. అన్నయ్య నవ్వుతున్నాడు కదా అని నేనూ నవ్వాను వదినా, అప్పుడే నీకు ఫోన్ చేయాల్సింది అని ఏడ్చాడు.

అతన్ని ఊరుకోబెట్టి పంపించాను. నీ తప్పేం లేదయ్యా అన్నాను. అది మాత్రం నిజం.

రాత్రి అన్నం తినిపిస్తుంటే చెంచా నా చేతిలోంచి జారిపోయింది. ఆయన ఎడమ చేత్తో తీసి ఇచ్చారు.

జూలై 12

ఒక్కదాన్నే హాస్పిటల్‌కి వెళ్లాను. అపాయింట్‌మెంట్ లేదు, రెండు గంటలు కూర్చోబెట్టారు. డాక్టర్‌తో, నేను ఆ రోజు మీకు తప్పు చెప్పానండీ, చెయ్యి మొద్దుబారిందట, నాకు తెలియదు, తెలియనివ్వలేదు నేనే అన్నాను. పదకొండునే తీసుకొచ్చి ఉంటే అని అడిగాను. పెన్ను మూత పెట్టి తీసి పెట్టి, అలాంటివి ముందస్తు హెచ్చరికలమ్మా, వచ్చి ఉంటే మందులు మొదలుపెట్టేవాళ్లం, ఆగి ఉండేదేమో, ఆగకపోయి ఉండొచ్చు కూడా, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అన్నాడు. మర్యాదస్థుడు. ఆగి ఉండేదేమో అన్న మాట ముందు చెప్పాడు. నేనూ రోగుల తాలూకు వాళ్లకి రిపోర్ట్ ఇచ్చేటప్పుడు అసలు మాట ముందే చెప్పేసేదాన్ని.

ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. ఎక్కడికెళ్లావని కళ్లతో అడిగారు. బ్యాంకుకి అన్నాను.

జూలై 25

ఆరో విడత. ఐదో తొట్టిలో నాలుగు పూలు, రెండులో మూడు, మూడులో ఆకులే.

నాకు ఆయన మీద కోపం కూడా వస్తోంది. రాయకపోతే అబద్ధమవుతుంది. నేను అరచెయ్యి చూపిస్తే దిగిపోవడమేనా? కిందికి వచ్చాక చెప్పొచ్చుగా, అన్నం దగ్గర చెప్పొచ్చుగా, ఫోన్ చేసి తమ్ముడికి చెప్పినవారు నాకు చెప్పలేరా? అరగంటకి సర్దుకుందని వదిలేసి ఉంటారు. షాపుకి వచ్చినవాళ్లందరికీ అశ్రద్ధ చేయకండని చెప్పిన మనిషి. నలభై ఏళ్ల కాపురంలో నేను గట్టిగా ఒకటంటే తర్వాత చూద్దాంలే అని ఊరుకోవడం ఆయనకి అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

ఆగస్టు 14

ఆఖరి విడత. డబ్బా ఖాళీ. చివరి పొట్లం నొక్కాక చాలాసేపు చెయ్యి బురదలోనే ఉంచాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి.

ఆగస్టు 22

ఇవాళ మా అమ్మాయి పేరు పలికారు. సగమే. అమ్మాయి వంటింట్లోకి పారిపోయి ఏడ్చింది. నేను ఏడు దాకా లెక్కపెట్టగలిగాను.

ఆగస్టు 31

రిజల్ట్ రోజు. ఆయనకి గుర్తుంది. పొద్దున్నే ఎడమ చేత్తో అలమర చూపిస్తూ సరే సరే అన్నారు. పాత మందుల పుస్తకం మధ్యలో చీటీ. ఆరు నంబర్లు, ఆరు పేర్లు, ఆయన కోడిగీతల రాత. ల్యాబ్‌లో డాక్టర్ల రాతలు చదివినదాన్ని కనక సరిపోయింది.

మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. ఐదు, వానపాముల ఎరువు, తొమ్మిది పూలు. రెండు, బిళ్లలు, ఏడు. ఒకటి, వేపపిండి, నాలుగు. ఆరు, ఎముకల పొడి, నాలుగు. నాలుగు, యూరియా, ఒక్కటి. మూడు, ఉత్త మట్టి, రెండు. ఎముకల పొడి దగ్గర ఆయన నుదురు కొట్టుకున్నారు. మొహంలో సగమే నవ్వింది, అయినా ఆయన నవ్వే. నాకూ నవ్వొచ్చింది. మే నెల తర్వాత ఇద్దరం కలిసి నవ్వడం ఇదే.

సాయంత్రం, మొన్న వాళ్లింటికి తిరిగి వెళ్లిన అమ్మాయితో ఫోన్‌లో చెప్పాను. అమ్మా, నువ్వు హాస్పిటల్‌లో ఉన్నప్పుడు మూడో తొట్టి మరీ బక్కగా ఉంటే జాలేసి రెండు గుప్పెళ్ల ఎరువు వేశాను అంది. అంటే పరీక్ష మేలోనే పోయింది. నేను ఇన్నాళ్లూ కొలిచిందంతా చెల్లదు. ఒకప్పుడైతే చెవులు మెలేసేదాన్ని. పోనీలేవే, పువ్వులు పూశాయిగా అన్నాను. రీడింగ్స్ టేబుల్ మీద అడ్డంగా గీత కొట్టి, చెల్లదు అని రాసి, సంతకం పెట్టాను. ఆయన నోరు మూయించింది ఈ కాగితం కోసం.

సెప్టెంబర్ 4

అడిగేశాను.

స్నానం అయ్యాక మంచం అంచున కూర్చోబెట్టి చొక్కా తొడుగుతున్నాను. బొత్తాలు పెడుతుంటే మొహం చూడక్కర్లేదు. మే పదకొండున డాబా మీద మీరు నాతో చెప్పబోయింది చెయ్యి గురించేనా అన్నాను. మూడు బొత్తాలు పెట్టాను. తలెత్తాను. తల అడ్డంగా ఊపారు. కాదు. మరి పొట్లాల గురించా అన్నాను. నిలువుగా ఊపారు. అవును. నమ్మలేదనుకున్నారేమో, ఎడమ చెయ్యి గాల్లో ఇటు మడిచి అటు మడిచి, పొట్లం కట్టినట్టు చూపించారు కూడా.

మరిది నాకు చెప్పేశాడని ఆయనకి తెలియదు.

అవును కాదుల్లో ఆయన తప్పు చెప్పరని థెరపీ అమ్మాయి పరీక్షించి చెప్పింది. కాబట్టి ఇది తెలిసి చెప్పిన అబద్ధం. మాట లేని మనిషి, ఉన్న ఒక్క చెయ్యితో, కష్టపడి కట్టి ఇచ్చిన అబద్ధం. నా కోసం. తప్పు రిపోర్ట్ ఒక్కటి కూడా నా చేతుల మీదుగా బయటికి పోలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇవాళ తప్పని తెలిసీ తీసుకున్నాను. అలాగా అన్నాను. నాలుగో బొత్తాం పెట్టాను.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎంత ఏడ్చినా ఆ అరచెయ్యి వెనక్కి రాదు. ఈ అబద్ధం నేను ఉంచుకుంటే, ఆయన ఒక్కరే నిజాన్ని మోయాలి. మళ్లీ ఆయన నోరు మూయించినట్టే.

సెప్టెంబర్ 5, ఉదయం 7.40

పద్దెనిమిది మెట్లు, ఇరవై రెండు నిమిషాలు. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న ఆయన్ని మెట్టు మెట్టుకీ పట్టుకుని ఎక్కించి, డాబా మీద కుర్చీలో కూర్చోబెట్టాను. మీ తమ్ముడు చెప్పాడు, నాకు అంతా తెలుసు అన్నాను. తొట్లలో నీళ్ల వైపు తల తిప్పుకున్నారు.

ఇప్పుడు నోరు తెరిచారు. సరే కాదు, వేరే ఏదో. పెదాలు దాని కోసం వెతుకుతున్నాయి. రాయడం ఆపుతున్నాను.